రెండో రౌటర్ పెట్టాక ‘కనెక్ట్ అయింది, ఇంటర్నెట్ లేదు’ అని వస్తుంటే

అడిగిన ప్రశ్న ఇది: “అన్నా, మాది కడప యర్రముక్కపల్లి. ముందు భాగం తాత కట్టించిన రాతి మిద్దె. వెనక నాన్న వేసిన స్లాబు గదులు రెండు, వాటి మీద ఇంకో గది. ఫైబర్ పెట్టె ముందు పడసాలలో ఉంది. వెనక గదిలో చెల్లెలికి సిగ్నల్ ఒక గీతే వస్తుంది. పైగదిలో నాకు అదీ రాదు, నేనేమో ఇంటి నుంచే పని చేయాలి. ఇంట్లో పాత రౌటర్ ఉంటే వైరు లాగి వెనక గదిలో పెట్టాను. మొదటి రోజు బాగానే ఉంది. తర్వాత కొన్ని ఫోన్లలో ‘కనెక్ట్ అయింది, ఇంటర్నెట్ లేదు’ అని వస్తోంది. రెండూ ఆపి మళ్లీ వేస్తే కాసేపు పనిచేస్తుంది. దీన్ని పారేసి రిపీటర్ కొనుక్కోమంటారా?”

పారేయొద్దు తమ్ముడూ, రిపీటరూ (వైఫై సిగ్నల్‌ను అందుకుని మళ్లీ పంపే పెట్టె) కొనొద్దు. ఈ పనిలో కష్టమైనది రాతి గోడ దాటించి వైరు లాగడం. అది మీరు చేసేశారు. మిగిలింది రౌటర్ లోపల మార్చాల్సిన రెండు సెట్టింగులు. కడపలో చిన్న ఆఫీసులకు, హాస్టళ్లకు, ఇళ్లకు నెట్‌వర్క్ పనులు చేస్తుంటాను. రెండో రౌటర్ పెట్టాక మాకు వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం సరిగ్గా ఇదే. కాబట్టి జబ్బు ఎక్కడుందో ముందు చెప్తాను. అది అర్థమైతే రేపు పెట్టె మార్చినా మీరే సరిచేసుకోగలరు.

మీ ఇంట్లోకి వచ్చే ప్రతి ఫోనూ, ల్యాప్‌టాప్, టీవీ నెట్‌లో చేరగానే “నాకో అడ్రస్ ఇవ్వండి” అని అందరికీ వినబడేలా అడుగుతుంది. దానికి జవాబిచ్చే పనిని డీహెచ్‌సీపీ అంటారు. ఫైబర్ పెట్టెలో ఆ పని ఆన్‌లో ఉంటుంది. మీ పాత రౌటర్ కూడా ఒకప్పుడు ఇంటికి అదే పెద్ద కాబట్టి దానిలోనూ ఆన్‌లోనే ఉంది. ఇప్పుడు అవి రెండూ ఒకే వైరు మీద ఉన్నాయి. ఆసుపత్రిలో ఒకే డాక్టరు దగ్గరికి రెండు కౌంటర్లలో ఇద్దరు టోకెన్లు ఇస్తే ఎలా ఉంటుందో మీ ఇంట్లో అదే జరుగుతోంది. ఏది ముందు జవాబిస్తే ఫోన్ దాని మాటే వింటుంది.

అడ్రస్‌తో పాటు ఇంకొక సంగతి కూడా అది చెప్తుంది: “బయటికి వెళ్లాలంటే ఈ గేటు గుండా వెళ్లు” అని. దాన్నే గేట్‌వే అంటారు. ఫైబర్ పెట్టె జవాబిస్తే సరైన గేటు దొరుకుతుంది. పాత రౌటర్ జవాబిస్తే అది తన గేటే చూపిస్తుంది. మీరు వైరును దాని ఇంటర్నెట్ పోర్టులో కాకుండా పక్కనున్న మామూలు పోర్టులో పెట్టినట్టున్నారు కాబట్టి ఆ గేటు అవతల దారి లేదు. ఫోన్‌కు వైఫై ఉంది, అడ్రస్ ఉంది, బయటికి దారి మాత్రం లేదు. అందుకే ‘కనెక్ట్ అయింది, ఇంటర్నెట్ లేదు’.

మొదటి రోజు ఎందుకు బాగుందంటే, ఫోన్ల దగ్గర ఫైబర్ పెట్టె ఇచ్చిన అడ్రస్‌లు ఇంకా చెల్లుతూ ఉన్నాయి. ఒక్కో అడ్రస్‌కు గడువు ఉంటుంది. గడువు తీరినప్పుడు, లేదా మీరు బజారుకు వెళ్లి తిరిగొచ్చినప్పుడు ఫోన్ మళ్లీ అడుగుతుంది. అలా ఒక్కో ఫోనూ ఒక్కో సమయంలో తప్పు గేటుకు చేరింది. అందుకే ఒకరికి వస్తుంది, పక్కనే కూర్చున్న ఇంకొకరికి రాదు. జనం దాన్ని ఫోన్ లోపం అనుకుని ఫోన్‌ను రీసెట్ చేస్తుంటారు, పాపం.

రెండో గొడవ కూడా ఉండే అవకాశం ఎక్కువ. చాలా పెట్టెలు ఫ్యాక్టరీ నుంచి 192.168.1.1 అనే అడ్రస్‌తోనే వస్తాయి. మీ రెండింటికీ అదే ఉంటే ఒకే ఇంటి నంబరు రెండు తలుపుల మీద రాసినట్టే. ఫోన్ పంపిన సమాచారం ఒకసారి సరైన పెట్టెకు, ఇంకోసారి తప్పు పెట్టెకు పోతుంది. ఆపి వేస్తే కాసేపు బాగుపడటం ఈ గొడవకు గుర్తు. 192.168తో మొదలయ్యే అడ్రస్‌లను ఇళ్లలో, ఆఫీసుల్లో లోపలి వాడకానికే వదిలేయాలని 1996లోనే తేల్చారు. అందుకే లోకంలో ఇన్ని ఇళ్లలో ఇవే అంకెలు కనిపిస్తాయి. వేర్వేరు ఇళ్లలో ఒకే అంకె ఉంటే ఇబ్బంది లేదు, ఒకే ఇంట్లో రెండు పెట్టెలకు ఉండకూడదు.

చేయాల్సింది ఏమిటంటే, అడ్రస్‌లు పంచే పని ఫైబర్ పెట్టెకే వదిలేయాలి. రెండోది రౌటర్ ఉద్యోగం మానేసి, వైరులో వచ్చినదాన్ని గాలిలోకి వదిలే యాక్సెస్ పాయింట్‌గా మాత్రమే ఉండాలి.

ముందుగా వెనక గదిలోని రౌటర్ నుంచి ముందుకు వెళ్లే వైరు తీసేయండి. ఇది తీయకుండా మొదలుపెడితే మీరు తెరిచిన సెట్టింగుల పేజీ ఏ పెట్టెదో మీకే తెలియదు. పాత రౌటర్ వెనక సన్నని రంధ్రంలో పిన్నుతో పది సెకన్లు నొక్కి పట్టుకుంటే అది ఫ్యాక్టరీ స్థితికి వస్తుంది. తర్వాత ల్యాప్‌టాప్‌ను చిన్న వైరుతో దాని ల్యాన్ పోర్టుకు (ఇంట్లోని పరికరాలను కలిపే పోర్టు) కలపండి. ల్యాప్‌టాప్ వైఫై ఆపేయండి. రౌటర్ అడుగున ఉన్న లేబుల్ మీద దాని అడ్రస్, లాగిన్ వివరాలు ఉంటాయి. ఆ అడ్రస్‌ను బ్రౌజర్‌లో కొట్టండి.

సెట్టింగుల్లో ‘యాక్సెస్ పాయింట్ మోడ్’ అనే ఎంపిక ఉంటే మీ అదృష్టం, అది ఎంచుకుంటే మిగతావన్నీ అదే చూసుకుంటుంది. పాత రౌటర్లలో తరచుగా ఆ ఎంపిక ఉండదు. అప్పుడు చేత్తో చేయాలి, చేసే వరుస ముఖ్యం. ముందు వైఫై పేరు, పాస్‌వర్డ్ పెట్టండి. తర్వాత ల్యాన్ అడ్రస్ మార్చండి. డీహెచ్‌సీపీ ఆపడం అన్నిటికన్నా చివర. దాన్ని ముందే ఆపేస్తే మీ ల్యాప్‌టాప్‌కు అడ్రస్ ఇచ్చేవాళ్లు ఉండరు, పేజీ మళ్లీ తెరుచుకోదు, మళ్లీ పిన్ను పట్టుకోవాల్సిందే.

ల్యాన్ అడ్రస్ ఏది పెట్టాలి? ఫైబర్ పెట్టె అడ్రస్ ఏమిటో ముందు చూడండి. అక్కడి వైఫైకి కలిపిన ల్యాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘ఐపీకాన్ఫిగ్’ (ipconfig) కొడితే ‘డిఫాల్ట్ గేట్‌వే’ దగ్గర కనిపిస్తుంది. అది 192.168.1.1 అయితే పాతదానికి 192.168.1.2 ఇవ్వండి. కొన్ని ఫైబర్ పెట్టెలు 192.168.100.1 మీద ఉంటాయి. అలాంటప్పుడు పాతది 192.168.100.2 కావాలి. మొదటి మూడు అంకెలూ కలవాలి, చివరిది వేరు కావాలి. ఇంకో జాగ్రత్త: ఫైబర్ పెట్టె పంచే అడ్రస్‌లు 2 నుంచే మొదలైతే, ఏదో ఒక రోజు అదే అడ్రస్ ఏ టీవీకో ఇచ్చేస్తుంది. ఫైబర్ పెట్టె డీహెచ్‌సీపీ పేజీలోకి వెళ్లి పంపకం 20 నుంచి మొదలయ్యేలా మార్చండి. ఈ ఒక్క మార్పు చేయక నెలల తర్వాత మళ్లీ గొడవ మొదలైన ఇళ్లు ఉన్నాయి.

అడ్రస్ మార్చగానే రౌటర్ ఒకసారి ఆగి లేస్తుంది. కొత్త అడ్రస్‌తో మళ్లీ లాగిన్ అయి, అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చి, డబ్ల్యూపీఎస్ (పాస్‌వర్డ్ కొట్టకుండానే ఫోన్లను కలిపే సదుపాయం) ఆపి, ఆఖరున డీహెచ్‌సీపీ ఆపండి. ఇప్పుడు ముందు నుంచి వచ్చే వైరును పాతదాని ల్యాన్ పోర్టులో పెట్టండి. రంగు వేరుగా ఉండి ‘వాన్’ అనో ‘ఇంటర్నెట్’ అనో రాసి ఉన్న పోర్టు ఖాళీగా ఉండాలి. ఇంట్లో వాళ్లు ఊడ్చేటప్పుడు వైరు ఊడితే మళ్లీ ఆ పోర్టులోనే పెడతారు, అందుకని దాని మీద టేపు అంటించమని నేను చెప్తుంటాను. మిగిలిన ల్యాన్ పోర్టులు వృథా కావు. వెనక గదిలో టీవీ ఉంటే దాన్ని అక్కడే వైరుతో కలపండి, గాలి మీద బరువు తగ్గుతుంది.

రెండు పెట్టెల మధ్య ఒకే వైరు ఉండాలి. “రెండు వైర్లు వేస్తే వేగం రెట్టింపు అవుతుంది” అని ఎవరైనా చెప్తే వినొద్దు. ఇళ్లలో వాడే మామూలు పెట్టెలకు రెండు వైర్లు కలిపితే సమాచారం గుండ్రంగా తిరుగుతూ మొత్తం ఇంటి నెట్ నిలిచిపోతుంది. వైరు ఉండగానే రిపీటర్ మోడ్ కూడా ఆన్ చేస్తే జరిగేదీ ఇదే.

సరిగ్గా కుదిరిందా లేదా చూడటం తేలిక. ఫోన్‌ను వెనక రౌటర్ వైఫైకి కలిపి, ఆ వైఫై వివరాల్లో గేట్‌వే చూడండి. ఫైబర్ పెట్టె అడ్రస్ కనిపిస్తే పని అయింది. 192.168.1.2 కనిపిస్తే డీహెచ్‌సీపీ ఇంకా ఆగలేదు. ఇంట్లో ఉన్న ఫోన్లన్నీ ఒకసారి వైఫై ఆపి వేసుకోవాలి, లేకపోతే పాత టోకెన్లతోనే తిరుగుతుంటాయి.

ఇక వైఫై సంగతి. పేరు, పాస్‌వర్డ్, భద్రత రకం రెండు పెట్టెల్లోనూ ఒకటే పెట్టండి. అప్పుడు ముందు నుంచి వెనక్కి నడిచినా ఫోన్ తనే మారుతుంది. భద్రత డబ్ల్యూపీఏ2, దానిలో ఏఈఎస్ ఎంచుకోండి. పాత రౌటర్లలో టీకేఐపీ అని ఇంకో ఎంపిక ఉంటుంది. అది పెడితే 300 మెగాబిట్ల రౌటర్ కూడా 54కు పడిపోతుంది. ‘రౌటర్ పాతది, అందుకే నెమ్మది’ అని తీసి పక్కన పెట్టినవాటిలో కొన్నిటి అసలు లోపం ఈ ఒక్క సెట్టింగే.

చానెళ్లు (వైఫై మాట్లాడే రేడియో దారులు) మాత్రం వేరుగా ఉండాలి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాని మీదికి ఒకటి రాని చానెళ్లు 1, 6, 11. ముందు పెట్టెకు 1, వెనకదానికి 11 పెట్టండి, వెడల్పు 20 మెగాహెర్ట్జ్ చాలు. 40 పెడితే వేగం పెరుగుతుందని అట్ట మీద రాస్తారు కానీ, గోడకు గోడ ఆనుకున్న వీధిలో పక్కింటి వైఫైలన్నీ దానిలోకి వచ్చి పడతాయి. పాత రౌటర్‌లో 5 గిగాహెర్ట్జ్ కూడా ఉంటే ఒకదానికి 36, ఇంకోదానికి 149 ఇవ్వండి. ఆటోలో వదిలేస్తే రెండూ ఒకే చానెల్ ఎంచుకుని ఒకదాని మాటకు ఒకటి అడ్డు తగిలే సందర్భాలు చాలా చూశాను.

ఫోన్ ఎప్పుడు మారాలో రౌటర్ కాదు, ఫోనే నిర్ణయించుకుంటుంది. కొన్ని ఫోన్లు ముందు పెట్టె సిగ్నల్ చచ్చేదాకా దాన్నే పట్టుకుని వేలాడతాయి. మీకు అలా జరిగితే ముందు పెట్టె ట్రాన్స్‌మిట్ పవర్‌ను (సిగ్నల్ పంపే బలాన్ని) మధ్యస్థానికి తగ్గించండి. తగ్గించడమేమిటని ఇంట్లో వాళ్లు అడుగుతారు. రౌటర్ ఎంత గట్టిగా అరిచినా ఫోన్ జవాబు చిన్న గొంతుతోనే వస్తుంది, రెండు వైపులా వినబడితేనే మాట సాగుతుంది. గీతలు నిండుగా కనిపిస్తూ వీడియో కాల్ తెగిపోయేది అందుకే.

రౌటర్ ఎక్కడ పెట్టాలన్నది మన కడప ఇళ్లలో అన్నిటికన్నా పెద్ద విషయం. పాత మిద్దెల్లో గోడలు అడుగున్నర, రెండడుగుల మందం రాయి. 5 గిగాహెర్ట్జ్ అలాంటి గోడ ఒకటి దాటేసరికే చాలా బలహీనపడుతుంది, రెండో గోడ దాటదనే అనుకోండి. 2.4 కొంత నయం. మీ ఇంట్లో సిగ్నల్ నిజానికి గోడల్లోంచి కంటే వాకిళ్లలోంచి, కిటికీల్లోంచి ఎక్కువగా వస్తోంది. పాత ఇళ్లలో చాలామంది రౌటర్‌ను గోడలోని గూట్లో పెడతారు, చూడటానికి పొందికగా ఉంటుంది కాబట్టి. మూడు వైపులా రాయి, కింద నాపబండ. అంతకన్నా చెడ్డ చోటు ఇంట్లో ఇంకొకటి లేదు. ఫైబర్ పెట్టె మీ పడసాలలో గూట్లో ఉంటే ఈ రోజే బయటికి తీసి, తలుపుకు ఎదురుగా, మనిషి తలకంటే కాస్త ఎత్తులో పెట్టండి. ఇనుప బీరువా, ఫ్రిజ్, పెద్ద అద్దం పక్కన కూడా వద్దు.

వెనక రౌటర్‌ను గది మూలలో కాకుండా మెట్ల వైపు తలుపు దగ్గర పెట్టండి. స్లాబులో కమ్మీలు ఉంటాయి కాబట్టి నేరుగా పైకి కంటే మెట్ల దారిన సిగ్నల్ బాగా ఎక్కుతుంది. యాంటెన్నా నిలువుగా ఉంటే సిగ్నల్ చుట్టుపక్కలకు పరుచుకుంటుంది. రెండుంటే ఒకటి నిలువుగా ఉంచి, ఇంకోదాన్ని పక్కకు వంచితే పైగదికీ కొంత అందుతుంది. అయినా మీ ఉద్యోగం పైగదిలోనే కాబట్టి ఒక మాట చెప్తాను: వెనక రౌటర్ నుంచి పైకి ఇంకో వైరు లాగి ల్యాప్‌టాప్‌కు నేరుగా పెట్టుకోండి. మీటింగ్ మధ్యలో గొంతు తెగిపోతుందేమోనని రోజూ టెన్షన్ పడటం కంటే ఆ ఒక్క వైరు మేలు.

రిపీటర్ గురించి అడిగారు కదా. మామూలు రిపీటర్ ముందు విని, తర్వాత అదే చానెల్ మీద మళ్లీ చెప్పాలి. అందుకే వేగం దాదాపు సగానికి పడిపోతుంది. పైగా మీ ఇంట్లో దానికి కూడా ఆ రాతి గోడ దాటి వచ్చిన బలహీనమైన సిగ్నలే దొరుకుతుంది. వైరు లేకుండా కలిసే మెష్ సెట్లకూ (ఒకే వైఫైని పంచే రెండు మూడు పెట్టెల జట్టు) ఇదే ఇబ్బంది. వైరు వేయడానికి ఏ దారీ లేని అద్దె ఇంట్లో అయితే రిపీటర్ సరే, అప్పుడు దాన్ని సిగ్నల్ లేని గదిలో కాదు, సిగ్నల్ ఇంకా బాగా ఉన్న సగం దూరంలో, తలుపు దగ్గర పెట్టాలి.

మీరు లాగిన వైరు గురించి రాయలేదు. ఇది చూసుకోండి. చవకగా దొరికే కేబుళ్లలో చాలావరకు అల్యూమినియం తీగకు రాగి పూత వేసినవి. కొద్ది దూరానికి పనిచేస్తాయి, కానీ పెళుసు, క్రింప్ (కొసకు ప్లగ్గు బిగించిన చోటు) దగ్గర తెగుతాయి. కొత్తగా కొంటే అసలైన రాగి క్యాట్6 అని అడిగి, తీగ కొస గీకి చూడండి, లోపల తెల్లగా కనిపిస్తే వద్దు. వెనక గదికి చేరడానికి గోడ తొలవడం కష్టమైతే మిద్దె గవాక్షి గుండా పైకి తీసి అటు దించొచ్చు. అయితే ఎండలో పడే భాగానికి బయట వాడే నల్ల తొడుగు కేబుల్ కావాలి. ఇంట్లో వాడే బూడిద రంగు కేబుల్ తొడుగు మన ఎండకు పగిలిపోతుంది. కరెంటు వైర్లు పోయే పైపులోనే దీన్ని దూర్చకండి, వేరే పైపు వేయండి. మిద్దె మీద వైరు ఉంటే ఉరుములు మొదలవగానే రెండు వైపులా ప్లగ్గు తీసేయడం మంచిది. పొడవు 100 మీటర్ల లోపు ఉంటే చాలు, ఇంట్లో ఆ హద్దు దాటే పని పడదు.

క్రింప్ చేసేటప్పుడు రంగుల వరుస రెండు కొసల్లోనూ ఒకటే: తెలుపు నారింజ, నారింజ, తెలుపు ఆకుపచ్చ, నీలం, తెలుపు నీలం, ఆకుపచ్చ, తెలుపు గోధుమ, గోధుమ. ఎనిమిది తీగల్లో నాలుగు సరిగ్గా తగిలితే 100 మెగాబిట్లు వస్తాయి, గిగాబిట్ కావాలంటే ఎనిమిదీ తగలాలి. మీ పాత రౌటర్ పోర్టులు 100 మెగాబిట్లవే అయితే ఎంత పెద్ద ప్లాన్ తీసుకున్నా వెనక గదిలో అంతకు మించి రాదు. వీడియో కాల్‌కు, క్లాసులకు అది ఎక్కువే, ఆ కారణంగా కొత్తది కొనాల్సిన అవసరం లేదు.

ఎండాకాలం గురించి కూడా. చాలా ఇంటి రౌటర్లు గది వేడి 40 డిగ్రీల వరకే అని తయారుచేస్తారు. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర స్లాబు కింద మధ్యాహ్నం గది అంతకు మించుతుంది. రేకుల గదిలో ఐతే చెప్పక్కర్లేదు. మధ్యాహ్నం రెండు గంటలకు మాత్రమే నెట్ తెగిపోతోందంటే ముందు రౌటర్ మీద చెయ్యి పెట్టి చూడండి. దాన్ని సెట్‌టాప్ బాక్సు మీద పెట్టకండి, గుడ్డ కప్పకండి, గాలి తగిలేలా గోడకు తగిలించండి.

కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ లేకపోతే చిన్న డీసీ యూపీఎస్ సరిపోతుంది, కానీ రెండు పెట్టెలకూ కావాలి. ముందుదానికి మాత్రమే పెట్టి “యూపీఎస్ ఉన్నా పైగదిలో నెట్ రావట్లేదు” అనేవాళ్లు ఉన్నారు. కొనే ముందు రెండు అడాప్టర్ల మీద వోల్టేజీ చదవండి. ఫైబర్ పెట్టె ఎక్కువగా 12 వోల్టులు, పాత రౌటర్ 9 వోల్టులు కావచ్చు. పిన్ను సైజు సరిపోయిందని 9 వోల్టుల రౌటర్‌కు 12 పెడితే కాలిపోవచ్చు. అడాప్టర్ పోయిందని ఏడు రోడ్ల దగ్గర కొత్తది కొనేటప్పుడు కూడా పాతది చేత్తో పట్టుకుని వెళ్లండి.

ఒకవేళ పైగదిని ఎప్పుడైనా అద్దెకిస్తే ఈ పద్ధతి అలాగే వదిలేయకండి. ఇందులో ఇంటిదంతా ఒకటే నెట్‌వర్క్, అద్దెకున్నవాళ్ల ఫోన్ నుంచి మీ టీవీ, ప్రింటర్, కెమెరా అన్నీ కనిపిస్తాయి. పాత రౌటర్‌లో గెస్ట్ వైఫై పెట్టినా యాక్సెస్ పాయింట్‌గా ఉన్నప్పుడు అది చాలాసార్లు వేరు చేయదు. వైరును ఇంటర్నెట్ పోర్టులోకి మార్చి రెండో రౌటర్‌ను పూర్తి రౌటర్‌గా నడిపినా, దాని వెనక ఉన్నవాళ్లకు మీ వైపు కనిపిస్తూనే ఉంటుంది. అప్పుడు ఫైబర్ పెట్టె గెస్ట్ వైఫైనే ఇవ్వడమో, వాళ్లకు వేరే కనెక్షన్ తీసుకోమనడమో సరైన దారి.

ఈ మార్పులు చేశాక కూడా ఇబ్బంది ఉంటే మూడు వివరాలు రాయండి: పాత రౌటర్ అడుగున లేబుల్ మీద ఉన్న మోడల్, రెండు పెట్టెల ల్యాన్ అడ్రస్‌లు, సమస్య వచ్చిన ఫోన్‌లో ఆ సమయానికి కనిపించిన గేట్‌వే. లేబుల్ ఫోటో పెడితే పాస్‌వర్డ్, సీరియల్ నంబరు కనబడకుండా కప్పి పెట్టండి.